భూపాలపల్లికి ఎట్ల పోవాలె

ఇంట్లో టీవీ రిమోటు కూడా నా చేతికి రాని రోజుల్లో నాకు ఒక పెద్ద అధికారం దొరికింది. జనం రాసిన జవాబులను తీసెయ్యడం.

తెలుగులో ప్రశ్నలూ జవాబులూ రాసుకునే వెబ్‌సైట్ ఒకటుండేది. ఎవరైనా ఏదైనా అడగొచ్చు, తెలిసినవాళ్ళు ఎవరైనా జవాబు చెప్పొచ్చు. నేను జనగామలో ఒక నెట్ సెంటర్‌లో పనిచేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా అందులో జవాబులు రాసేదాన్ని. నా రాత ఎవరికి నచ్చిందో గానీ, ఒకరోజు నన్ను మోడరేటర్‌ను చేశారు. జీతం లేదు, భత్యం లేదు. ఫలానా జవాబు చెత్తగా ఉందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే అది నా ముందుకు వచ్చేది. దాని కింద రెండు బటన్లు: ఉంచు, తీసెయ్. నా వేలు రెండో దాని మీదే ఎక్కువగా ఉండేది. అబద్ధమెందుకు, అది నొక్కినప్పుడల్లా ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్క కొరికినంత హాయిగా ఉండేది.

అప్పుడే సమ్మె మొదలైంది. తెలంగాణ ఇచ్చేదాకా ఏ పనీ చెయ్యమని అందరూ రోడ్డెక్కారు. ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులు బంద్. భూపాలపల్లి వైపు బొగ్గు బాయిలు, అదే గనులు, కూడా బంద్ కావడంతో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. పరీక్షలన్నీ వాయిదా పడ్డాయి కాబట్టి దరఖాస్తులు నింపించుకునేవాళ్ళు నెట్ సెంటర్ మొహమే చూడలేదు. మా ఓనరు పొద్దున్నే తాళంచెవి నా చేతిలో పెట్టి ధర్నా టెంటుకు పోయేవాడు. కరెంటు ఉన్నంతసేపూ నేనూ, నా రెండు బటన్లూ.

ఆ రోజుల్లో మా వాళ్ళ ఊపు అంతా ఇంతా కాదు. ఫోనెత్తితే హలో బదులు జై తెలంగాణ. పెట్టేసేటప్పుడూ అదే. ఇళ్ళల్లో పనిలేక కూర్చున్నవాళ్ళంతా ఆ ఊపు మీదే మా సైటుకు వచ్చిపడ్డారు. "ఎక్కిళ్ళు ఆగాలంటే ఏం చేయాలి?" అని ఎవరో అడిగితే "ఎవలో యాది చేస్తున్నరు. జై తెలంగాణ" అని జవాబు. "ల్యాప్‌టాప్ ఊరికే వేడెక్కుతోంది, కారణమేమిటి?" అంటే "మాది గూడ." చంద్రుడు ఇక్కడికి ఎంత దూరమని అడిగిన పాపానికి ఒకాయన "నీకు గాడేం పనుండె?" అన్నాడు. నేను నెట్ సెంటర్‌లో ఒక్కదాన్నే కూర్చుని పడీ పడీ నవ్వి, కళ్ళు తుడుచుకుని, తీసెయ్ నొక్కేదాన్ని.

వీటన్నిటికంటే ఎక్కువగా వచ్చేవి ఎదురు ప్రశ్నలు. మా వైపు ఒక అలవాటుంది. దారి అడిగినా, మందు అడిగినా, ఆఖరికి టైమెంతైందని అడిగినా, అడిగిన మనిషెవరో తేలకుండా జవాబు చెప్పరు. ఏ ఊరు, ఎవలింటికి, ఏం పని మీద, తిన్నరా లేదా. అవన్నీ అయ్యాకే అసలు సంగతి. మా అమ్మ అయితే రాంగ్ నంబరు వాళ్ళను కూడా వదిలేది కాదు. ఒకసారి ఎవరో ఎరువుల దుకాణమనుకుని మాకు ఫోన్ చేశాడు. అమ్మ అతనిది తొర్రూరని రాబట్టి, తొర్రూరులో మా చిన్నమ్మ వాళ్ళ గల్లీ ఏదో చెప్పి, ఆమె మోకాలి నొప్పి ఎట్లా ఉందో కనుక్కోమని పురమాయించింది. అతను కనుక్కొని మళ్ళీ ఫోన్ చేశాడు కూడా.

సైటు నిబంధన మాత్రం చాలా కచ్చితం. జవాబు చోట జవాబే ఉండాలి. ప్రశ్న ఉంటే అది జవాబు కాదు, తీసెయ్యాల్సిందే.

ఈ నిబంధనకు అందరికంటే పెద్ద శత్రువు మానుకోట ఆమె. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. ఆమెది బయ్యారం దగ్గర తండా, ఇంట్లో మాట్లాడేది లంబాడీ, మానుకోటలో టీచరమ్మ. ఇదంతా ఆమే తన పేజీలో రాసుకుంది. సమ్మెలో బడి లేదు, ప్రశ్నలడగడానికి పిల్లలు లేరు. ఇక మా మీద పడింది. "బియ్యానికి పురుగు పట్టకుండా ఏం చేయాలి?" అన్న దాని కింద ఆమె జవాబు ఇదీ: "ఏం బియ్యం? ఇంట్ల ఎందరు? పురుగు తెల్లగున్నదా, నల్లగున్నదా? ఇంతకు మీది ఏ ఊరు?" నేను తీసేశాను. మర్నాడు అదే చోట: "నా జవాబు ఎవలో తీసిన్రు. ఎవలది? ఏ ఊరు మీది?" అదీ తీసేశాను. మా ఇద్దరికీ ముఖపరిచయం లేకపోయినా రోజూ ఇదే తంతు.

నాతోపాటు ఇంకొక మోడరేటర్ ఉండేవాడు. కోస్తా వైపు ఆయన, రిటైరైన లెక్చరర్, పెద్దాయన. "అమ్మాయ్, మీ వాళ్ళని దారి అడగడమంటే ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళడమేనమ్మా" అని నాకు మెసేజీ పెట్టేవాడు. ఆ మాటకు నేనూ నవ్వేదాన్ని. కానీ గిది, గట్ల అని రాసిన మంచి జవాబులను కూడా ఆయన భాష బాగాలేదంటూ ఫిర్యాదుల్లో పడేస్తే నాకు మండిపోయేది. "మీ ఇంట్లో మాట్లాడితే తెలుగు, మా ఇంట్లో మాట్లాడితే చెత్తనా సార్? సినిమాల్లో దొంగలకూ తాగుబోతులకూ మా మాట పెట్టి ఇన్నేళ్ళు నవ్వింది చాల్లేదా?" అని ఒకసారి కడిగేశాను. కొన్నాళ్ళకు "గిట్ల చేయుండ్రి" అని మొదలైన జవాబును ఆయనే ఉంచి, "ఇది బాగుందమ్మా" అని రాశాడు. ఎదురు ప్రశ్నల విషయంలో మాత్రం మా ఇద్దరిదీ ఒకే మాట. తీసెయ్.

ఇట్లా ఉండగా మా అక్కకు నెలలు నిండాయి.

అక్కను భూపాలపల్లి ఇచ్చాం. బావ బొగ్గు బాయిలో పనిచేస్తాడు, ఉండేది కార్మికుల క్వార్టర్స్‌లో. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి అక్కను తీసుకురావడానికి అమ్మ మంచిరోజు చూసి పెట్టుకుంది. ఆ మంచిరోజు కంటే ముందే సమ్మె వచ్చింది. నిండు కడుపుతో అక్క ఇక కదలలేని పరిస్థితి. దవాఖాన దగ్గర్లోనే ఉంది, చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మంచివాళ్ళే, బావ కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. అయినా అక్క సూది చూస్తేనే కళ్ళు తిరిగే మనిషి. రోజూ ఫోన్ చేసి ఒకటే మాట. మేం అమ్మను అవ్వా అని పిలుస్తాం.

"అవ్వా, నువ్వు రాకుంటె నేను కననే కనను."

"గది నీ చేతుల ఉన్నదా బిడ్డా?"

"నాకు తెల్వది. నాకు బుగులైతున్నది. నువ్వు రా."

ఒకరోజు పొద్దున బావ ఫోన్ చేసి, ఇవ్వాళో రేపో అని డాక్టరమ్మ చెప్పిందన్నాడు. అమ్మ లేచి చెప్పులు వేసుకుంది. "నడిచన్న పోత" అన్నది. బాపు, అంటే మా నాన్న, ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. భూపాలపల్లి ఏమన్నా పక్క గల్లీలో ఉందా! అమ్మ కూలబడి కొంగుతో మొహం కప్పుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఆ వెంటనే నేనెవరో గుర్తొచ్చింది. నేను మోడరేటర్‌ను. అమ్మను నెట్ సెంటర్‌కు తీసుకుపోయి పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను.

ప్రశ్న ఎట్లా అడగాలో లోకానికంతా నేర్పినదాన్ని కదా, పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గ ప్రశ్న రాశాను: "రేపు జనగామ నుంచి భూపాలపల్లికి ఎలా చేరుకోవచ్చు? బస్సులు, రైళ్ళు లేవు. హన్మకొండ, పరకాల దారంతా రాస్తారోకోలు. దయచేసి కచ్చితమైన సమాచారం మాత్రమే ఇవ్వగలరు."

మొదటి జవాబు: "ఎర్ర బస్సులో వెళ్ళండి, టికెట్ తక్కువ." రెండోది: "సమ్మె ఐపోయినంక పోండ్రి." మూడోది: "జై తెలంగాణ." నాలుగోది: "నాకూ ఇదే సందేహం, కానీ నేను విజయనగరంలో ఉంటాను." నా వేలు ఒకటే దురద. అయితే ఎవరి ప్రశ్న కింద వాళ్ళే జవాబులు తీసెయ్యకూడదని ఒక నిబంధన ఉంది. ఆ నిబంధన రాసినవాళ్ళను తిట్టుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు మానుకోట ఆమె దిగింది. "పోవాల్సింది ఎవలు? ఏం పని మీద? భూపాలపల్లిల మీకు ఎవలున్నరు?"

నాకు ఒళ్ళు మండింది. అమ్మ మాత్రం స్టూలు మీద నుంచి ముందుకు వంగింది. "పాపం, ఎంత మంచిగ అడిగింది. చెప్పు."

"అవ్వా, గది జవాబు కాదు."

"అడగకుంట ఎట్ల చెప్తదే? మనమెవలమో తెల్వద్దా? చెప్పు."

చెప్పాను. అక్క, తొలి కాన్పు, పోవాల్సింది అమ్మ. అంతే, నా ప్రశ్న కింద తీర్థం సాగింది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చేశారు. తొలి కాన్పంటే పుట్టింటికి ఎందుకు తోలుకరాలేదని ఒకామె కోప్పడింది. అల్లుడు ఏ బాయిల పనిచేస్తడని ఒకాయన అడిగాడు. కాళ్ళు వాచినయా అని ఇంకొకామె. అమ్మ చెబుతూ ఉంటే నేను టైపు చేస్తూనే ఉన్నాను. అంతలో మానుకోట ఆమె నుంచి మళ్ళీ: "మీ అవ్వ వంట చేస్తదా?"

ఇది చదివి కుర్చీలోంచి పడబోయాను. అమ్మకు రోషం వచ్చింది. "చేస్తదా అని అడుగుతున్నదా! మన వాడల నేను వండని పెండ్లి ఏదన్న ఉన్నదా? రాయి, రాయి!"

రాశాను. అప్పుడు వచ్చింది జవాబు. ఆ రోజుల్లో రోడ్ల మీద వంటావార్పు జరిగేది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లను కదలనిచ్చేవాళ్ళు కాదు. మరి ఆ వంటకు బియ్యమూ, కూరగాయలూ, గుండిగలూ రావాలి కదా? వాటిని తెచ్చే బండ్లకు మాత్రం దారి ఇచ్చేవాళ్ళు. "రేపు పొద్దుగాల జనగామ నుంచి బియ్యం ట్రాక్టరు హన్మకొండకు పోతది" అని మానుకోట ఆమె రాసింది. "మా టీచర్లకు చెప్తున్న. వంటామె అని మీ అవ్వను ఎక్కించుకుంటరు. మీరు గూడ పోండ్రి, ఉల్లిగడ్డలు కొయ్యస్తదా మీకు?"

అమ్మ కంప్యూటర్‌కు దండం పెట్టింది.

ఇంతలో కోస్తా పెద్దాయన నుంచి నాకు విడిగా మెసేజీ. "అమ్మాయ్, మీ ప్రశ్న కింద ఇంత పొడుగు పేజీలో జవాబన్నది ఒక్కటే ఉంది. తతిమ్మావన్నీ ఎత్తెయ్యాలి. ఎత్తెయ్యనా?"

"అక్క కనేదాకా ఆగండి సార్" అని రాశాను.

కాసేపటికి మళ్ళీ మెసేజీ. "తొలి కాన్పామ్మా? అక్కడ పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా?" నేను బల్ల మీద తల పెట్టి నవ్వుతుంటే పిచ్చి లేచిందనుకుని అమ్మ నా వీపు మీద ఒక్కటిచ్చింది.

మర్నాడు పొద్దున ట్రాక్టరెక్కాం. బియ్యం బస్తాల మీద అమ్మ, ఉల్లిగడ్డల మీద నేను, చుట్టూ గుండిగలు. వంటామె అన్న నమ్మకం కలగాలని అమ్మ ఇంటి నుంచి తన పెద్ద గంటె తెచ్చుకుంది. దాన్ని రాణి రుద్రమ కత్తి పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మొదటి అడ్డం. రోడ్డు మీద ఎడ్లబండ్లు, జెండాలు, జనం.

"ఆగుండ్రి. ఎటు?"

"వంటకు" అన్నాను నేను, బుద్ధిగా.

"వంటకు కాదు నాయినా, నా బిడ్డ కాన్పుకు" అన్నది అమ్మ. అబద్ధం ఆమె నోట్లో అర నిమిషం నిలవదు. ఇక వెనక్కి పంపిస్తారనుకున్నాను. కానీ ఆ మాట వినగానే వాళ్ళు ట్రాక్టరు చుట్టూ మూగారు. ఏ ఊరు, ఏ వాడ, అల్లుడేం చేస్తడు, తొలి కాన్పా. అమ్మ అన్నీ చెప్పింది. ఎడ్లబండ్లు పక్కకు జరిగాయి. ఒకాయన ఫోన్ తీసి తర్వాతి అడ్డం వాళ్ళకు అరుస్తున్నాడు: "జై తెలంగాణ! కాన్పు ట్రాక్టరొస్తున్నదన్నా, ఆపకుండ్రి!"

ఆ తర్వాత ఆత్మకూరు దాకా మమ్మల్ని ఎవరూ ఆపలేదు. అక్కడ ఆపింది అమ్మే. హన్మకొండ నుంచి కూరగాయల ఆటో ఎక్కి ఆత్మకూరు చేరేసరికి అక్కడ రోడ్డు మీద వంట జోరుగా సాగుతోంది. తినకుండా పోతే ఎట్లా అని ఆకుల్లో పెట్టారు. అమ్మ ఒక్క ముద్ద తిని నోరు చప్పరించి, సాంబారు గుండిగ దగ్గరికి నడిచింది.

"ఉప్పెవలేసిన్రు?"

నల్ల కోటు వకీలు ఒకాయన చెయ్యెత్తాడు. ఆయన వెనకాలే ఇంకొక వకీలూ ఎత్తాడు. ఇంకొకాయన కూడా. ఎవరికి వారు ఉప్పు వెయ్యలేదేమోనని వేసుకుంటూ పోయారు. అమ్మ ముగ్గురినీ వరసగా నిలబెట్టి చివాట్లు పెట్టి, నీళ్ళు మరిగించి, పప్పు ఎనిపి, చింతపండు పిసికి పోయడం మొదలుపెట్టింది. నేను పక్కన గంతులు వేస్తున్నాను.

"అవ్వా! అక్క! అక్క!"

"జర ఆగు. గింతమందికి గిట్ల పెడ్తరా? పాపం తగుల్తది."

సాంబారు బాగుపడ్డాకే కదిలింది. పరకాలలో రోడ్డు నిండా ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. ఆ వలయం దాటి అవతలికి పోవాలి. దాటాలంటే తమతో ఒక చుట్టు ఆడాలన్నారు. అమ్మ గంటె నా చేతికిచ్చి ఆడింది. ఆమె వెనకాల సంచీ మెడలో వేసుకుని, గంటె చంకలో పెట్టుకుని, చప్పట్లు కొడుతూ నేను. అంత కంగారులోనూ నాకు నవ్వు ఆగడం లేదు. అప్పుడే బావ ఫోన్.

"నొప్పులు షురువైనయి. దవాఖానల ఉన్నం. యాడున్నరు మీరు?"

అమ్మ మొహంలో రంగు పోయింది. ఆ ఆడవాళ్ళు ఒక్కమాట అడగకుండా, నిజంగానే ఒక్కమాట కూడా అడగకుండా, పాట ఆపి పరుగెత్తారు. సభ నుంచి తిరిగిపోతున్న బొగ్గు బాయి కార్మికుల జీపును ఆపి, అందులో ఇద్దరిని దింపి, మమ్మల్ని ఎక్కించారు. రేగొండ దగ్గర మళ్ళీ అడ్డం. జీపులోని వాళ్ళంతా లేచి నిలబడి పిడికిళ్ళు బిగించి అరిచారు.

"కాన్పు! కాన్పు!"

అడ్డంగా కూర్చున్నవాళ్ళు అదేం నినాదమో తెలియకపోయినా అలవాటు కొద్దీ అందుకున్నారు. "కాన్పు! కాన్పు!" అని రోడ్డంతా మారుమోగుతుండగా మా జీపు వాళ్ళ మధ్యలోంచి దూసుకుపోయింది. అమ్మ మాత్రం నవ్వలేదు. నా మణికట్టు గట్టిగా పట్టుకుని, "నేను అందుకుంటనా?" అని అడిగింది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

దవాఖాన చేరేసరికి పొద్దు వాలుతోంది. బావ గేటు దగ్గరే ఉన్నాడు. ఇంకా కాలేదన్నాడు. కాన్పు గది ముందు నర్సమ్మ అమ్మను ఆపి, పొగకు నల్లబడ్డ మొహాన్నీ, చీర మీద సాంబారు మరకల్నీ ఎగాదిగా చూసింది. లోపల్నుంచి అక్క కేక వినబడింది. "మా అవ్వనేనా? మా అవ్వనే గదా?" నర్సమ్మ తప్పుకుంది. చేతులూ మొహమూ కడుక్కుని అమ్మ లోపలికి పోయింది. నేను పరదా బయట గోడకు ఆనుకున్నాను.

"బస్సులు లేవు గద. ఎట్లొచ్చినవే అవ్వా?" అక్క గొంతు ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది.

ఎట్లా వచ్చిందో చెప్పమంటే అమ్మ ఎక్కడ మొదలుపెట్టాలి? పొద్దున బర్రె పాలివ్వకుండా తన్నిన దగ్గర మొదలుపెట్టింది. అక్కడి నుంచి మానుకోటలో ఒక బంగారు తల్లి ఉన్నదనీ, ఆమెకు నీ పాదాలు వాచిన సంగతి తెలుసనీ చెప్పింది. ట్రాక్టరు చెప్పకుండానే ఉల్లిగడ్డలు చెప్పింది. ముగ్గురు వకీళ్ళు మూడుసార్లు ఉప్పేశారని చెప్పింది. లోపల అక్క నవ్వింది. నవ్వుతూనే నొప్పికి అరిచింది. అరిచి, ఊపిరి తీసుకుని, "ఆ, తర్వాత?" అన్నది.

"ఇది దవాఖాన పెద్దమ్మా, చెప్పుడు బంద్ చెయ్" అని నర్సమ్మ గదిమింది.

"బంద్ చెయ్యకే అవ్వా. చెప్పు."

అమ్మ చెప్పింది. వెనకదీ ముందుకూ, ముందుదీ వెనక్కీ, మధ్యలో చిన్నమ్మ మోకాలి నొప్పీ. పరదా ఇవతల బావ ఏడుస్తూ నవ్వుతున్నాడు. అందులో ఒక్క ముక్క కూడా పోకూడదని నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. కేకకూ కేకకూ మధ్య అమ్మ మాట ఆగకుండా నడుస్తోంది. ఆమె ఇంకా పరకాల చేరనేలేదు, లోపల పసిబిడ్డ కెవ్వుమన్నది.

"ఆడపిల్ల" అన్నది నర్సమ్మ.

అమ్మ మాట ఆగిపోయింది. ఆ తర్వాత, అలిసిపోయి, నిద్ర ముంచుకొస్తున్న గొంతుతో అక్క మళ్ళీ అన్నది.

"ఏందే ఆపినవ్? పరకాలల ఏమైంది?"